ఇంటి షెడ్డుకు వెల్డింగ్ మిషన్: తక్కువ ఖర్చులో సరైనది ఎంచుకోవడం ఎలా

గేటు బందు ఊడిపోయింది, గొడ్ల కొట్టానికి రేకులు వేయాలి, మామిడి తోటకు ఇనప తలుపు పెట్టాలి. ఇలాంటి పనులు సొంతంగా చేసుకుందామనుకునే వాళ్లు తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా అడిగే ప్రశ్న ఒకటే: "ఏ మిషన్ కొనాలి?" దుకాణానికి వెళితే 200, 250, 300 అని పెద్ద అంకెలు రాసిన డబ్బాలు కనిపిస్తాయి. అంకె పెరిగేకొద్దీ మిషన్ మంచిదనిపిస్తుంది. ఇంటి వాడకానికి ఆ లెక్క పనికిరాదు.

అతికించే ఇనుము మందం ఎంత? మీ గోడలో ఉన్న వైరు ఎంత కరెంటు మోస్తుంది? ఈ రెండూ తేలితే డబ్బాల్లో సగం వాటంతట అవే పక్కకు పోతాయి. కాబట్టి ఇంటి దగ్గర చూసుకోవాల్సినవి ముందు, దుకాణం తర్వాత.

1. ఏం అతికిస్తారో రాసుకోండి

వచ్చే ఏడాదిలో చేయబోయే పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కో పనికి ఎదురుగా ఇనుము మందం రాయండి. గేజ్‌లలో చెబితే మిల్లీమీటర్లలోకి మార్చుకోండి.

- 18 గేజ్ స్క్వేర్ పైపు: 1.2 మి.మీ.
- 16 గేజ్: 1.6 మి.మీ.
- 14 గేజ్: 2 మి.మీ.
- యాంగిల్, ఫ్లాట్ పట్టీలు: ఎక్కువగా 3 నుంచి 6 మి.మీ.

రాడ్డు సైజును మందమే నిర్ణయిస్తుంది, ఆంప్స్‌ను (వెల్డింగ్‌కు పెట్టే కరెంటును) రాడ్డు నిర్ణయిస్తుంది. మామూలుగా వాడే 6013 రాడ్లకు ఈ లెక్క చాలు:

- 2 మి.మీ. రాడ్డు: 40–60 ఆంప్స్
- 2.5 మి.మీ. (కొట్లలో 12 నంబరు): 60–90 ఆంప్స్
- 3.15 మి.మీ. (10 నంబరు): 90–130 ఆంప్స్
- 4 మి.మీ. (8 నంబరు): 140–180 ఆంప్స్

గేట్లు, గ్రిల్స్, షెడ్డు ఫ్రేములు, స్టాండ్లు అన్నీ మొదటి మూడు రాడ్లతో అయిపోతాయి. 6 మి.మీ. ప్లేటు తగిలినా అంచు ఏటవాలుగా గ్రైండ్ చేసి, 3.15 రాడ్డుతో రెండు పొరలు వేస్తే గట్టిగా నిలుస్తుంది. అంటే నిజంగా 120 ఆంప్స్ ఇచ్చే మిషన్ ఇంటికి చాలు. "నిజంగా" అన్న మాట ముఖ్యం, ఎందుకో నాలుగో భాగంలో తెలుస్తుంది.

జాబితాలో అల్యూమినియం ఉందా? దాన్ని మామూలు డీసీ మిషన్‌తో టిగ్ (ఆర్గాన్ గ్యాస్ కింద టంగ్‌స్టన్ సూదితో చేసే వెల్డింగ్) చేయలేరు, ఏసీ టిగ్ కావాలి. ఒకటి రెండు అల్యూమినియం పనుల కోసం అది కొనడం దండగ, ఆ ముక్కను తెలిసిన వర్క్‌షాపుకు ఇచ్చేయండి.

2. మీ ఇంటి కరెంటు ఎంత మోస్తుందో చూడండి

కొనేవాళ్లలో ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. మిషన్ ఇచ్చే ఆంప్స్ వేరు, గోడ నుంచి లాగే ఆంప్స్ వేరు. 230 ఓల్టుల సింగిల్ ఫేజ్ మీద మామూలు ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ (మూడో భాగంలో చెప్పే తేలికరకం) సుమారుగా ఇలా లాగుతుంది:

- 80 ఆంప్స్‌తో వెల్డింగ్ చేస్తే గోడ నుంచి 14 ఆంప్స్
- 110 ఆంప్స్‌తో చేస్తే 20 ఆంప్స్
- 200 ఆంప్స్‌తో చేస్తే 40 ఆంప్స్ పైన

ఇంట్లో పెద్ద ప్లగ్గు 16 ఆంప్స్‌ది. 110 దగ్గర లాగే 20 ఆంప్స్‌ను అది కొద్ది కొద్ది సేపు తట్టుకుంటుంది, ఎందుకంటే 3.15 రాడ్డు ఒకటి నిమిషం పైచిలుకులో అయిపోతుంది, తర్వాత స్లాగ్ (వెల్డ్ మీద గట్టిపడే పెంకు) కొట్టడం, ముక్క సర్దడం ఉంటాయి. 40 ఆంప్స్‌ను మాత్రం ఏ ఇంటి ప్లగ్గూ మోయదు. మిషన్ మీద 200 అని ఉన్నా ఆ 200 మీ ఇంట్లో ఎన్నటికీ వాడలేరు. వాడలేని దానికి డబ్బు పెట్టొద్దు.

వోల్టేజీ తగ్గితే మిషన్ ఇంకా ఎక్కువ లాగుతుంది. 230 దగ్గర 20 ఆంప్స్ తీసుకునేది, 180కి పడిపోతే 25 దాటుతుంది. ఊరి చివర, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న ఇళ్లలో సాయంత్రం ఏడు తర్వాత ఇది మామూలే. మల్టీమీటరుతో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వోల్టేజీ చూసి రాసుకోండి. ఎప్పుడూ 200 కన్నా తక్కువే ఉంటే ముందు ఎస్పీడీసీఎల్‌కు (కరెంటు సంస్థకు) 1912లో ఫిర్యాదు చేయండి.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇవి చూపించండి:

- ప్లగ్గుకు వచ్చే రాగి వైరు 2.5 చ.మి.మీ. ఉందా? షెడ్డుకు కొత్తగా లాగుతుంటే 4 చ.మి.మీ. వేయండి.
- ఎంసీబీ (కరెంటు మించితే లైను తెంపే స్విచ్), ఆన్ చేయగానే వచ్చే ఊపును తట్టుకునే సీ రకమేనా? 2.5 వైరుకు 20 ఆంప్స్, 4 వైరుకు 25 ఆంప్స్ మించకూడదు. పడిపోతోందని వైరు మార్చకుండా పెద్ద ఎంసీబీ వేయిస్తే గోడలో వైరే కాలుతుంది.
- 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేది) ఉందా?
- ఎర్త్ పనిచేస్తోందా? ఫేజ్–న్యూట్రల్ మధ్య ఓల్టులు, ఫేజ్–ఎర్త్ మధ్య ఓల్టులు దాదాపు ఒకటే ఉండాలి. తేడా ఎక్కువైతే ఎర్త్ గుంత బాగుచేయించండి. మన రాతి నేలల్లో ఎండాకాలం గుంత ఎండిపోతుంది, వారానికోసారి నీళ్లు పోయాలి.
- కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఎన్ని కిలోవాట్లు? 110 ఆంప్స్ వెల్డింగ్ ఒక్కటే 3 కిలోవాట్లు దాటుతుంది. ఆ సమయంలో గీజరు, ఏసీ ఆపి ఉంచాలి.

ఆ ప్లగ్గు ఇంటి బ్యాటరీ ఇన్వర్టరు లైను మీద ఉందేమో కూడా తప్పకుండా కనుక్కోండి. ఉంటే దానికి వెల్డింగ్ మిషన్ పెట్టొద్దు, కరెంటు పోయిన క్షణంలో ఆ ఇన్వర్టరు దెబ్బతింటుంది.

తోటలో పని ఉందని మోటారు సర్వీసు నుంచి వైరు వేసుకోవడం కూడా వద్దు. అది వ్యవసాయానికి ఇచ్చిన కనెక్షన్. అలాగే ఇంటి కనెక్షన్ మీద బయటివాళ్ల పనులు డబ్బుకు చేయాలనుకుంటే ముందు కేటగిరీ మార్పించుకోండి.

3. ఏ రకం మిషన్

ట్రాన్స్‌ఫార్మర్ మిషన్: బరువైన పాతకాలం పెట్టె. లోపల ఎలక్ట్రానిక్ బోర్డు లేదు కాబట్టి దుమ్ముకు చెడదు, ఏళ్ల తరబడి నడుస్తుంది. కానీ ఒకే వెల్డింగ్‌కు ఇన్వర్టర్ కన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. పక్కింటి లైట్లు కూడా మినుకుమంటాయి. సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా దొరికినా సింగిల్ ఫేజ్ ఇంటికి వద్దు. వాటిలో కొన్ని రెండు ఫేజ్‌ల మీద, అంటే 415 ఓల్టుల మీద నడిచేవి కూడా ఉంటాయి.

ఇన్వర్టర్ ఆర్క్ మిషన్: ఎంఎంఏ అని రాసి ఉంటుంది. భుజానికి తగిలించుకునేంత బరువు, డీసీ కరెంటు, తేలిగ్గా వెలిగే ఆర్క్ (రాడ్డుకూ ఇనుముకూ మధ్య మండే మెరుపు). ఇంటికి మొదటి మిషన్‌గా ఇదే సరైనది. ఇక్కడి నుంచి చెప్పేదంతా దీని గురించే.

గ్యాస్ లేని మిగ్: రాడ్డుకు బదులు, లోపల ఫ్లక్స్ (వెల్డ్‌ను గాలి నుంచి కాపాడే పొడి) ఉన్న 0.8 మి.మీ. వైరుతో నడుస్తుంది. పలుచని పైపులకు ఆర్క్ కన్నా తేలిక. కానీ వైరు రాడ్ల కన్నా ఖరీదు, చిందులు ఎక్కువ, ఫీడరు, లైనరు, టిప్పుల (వైరును ముందుకు నడిపే భాగాల) నిర్వహణ తప్పదు. మీ జాబితాలో ముప్పావు వంతు 18 గేజ్ పైపే ఉంటే ఆలోచించండి. ఈ వైరుకు టార్చ్ (వైరు బయటికొచ్చే గన్ను) నెగటివ్‌కు పెట్టాలి. మామూలు వైరు, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వాడితే పాజిటివ్‌కు. ఇది తారుమారైతే ఎంత సర్దినా వెల్డ్ బాగా రాదు, మిషన్‌దే తప్పనుకుని తిరిగి ఇచ్చేస్తారు.

మూడు పనులు (ఆర్క్, మిగ్, టిగ్) ఒకే పెట్టెలో చేసే మిషన్లు: చౌకరకంలో ఏ ఒక్కటీ పూర్తిగా చేయవు. టిగ్ అని రాసి ఉన్నా టార్చి, ఆర్గాన్ సిలిండరు, రెగ్యులేటరు విడిగా కొనాలి.

4. మిషన్ వెనక ప్లేటు చదవండి

డబ్బా మీది పెద్ద అంకెను వదిలేయండి. మిషన్ వెనకో అడుగునో అతికించిన చిన్న ప్లేటు చూడండి. ప్లేటే లేకపోతే ఆ మిషన్ కొనొద్దు.

డ్యూటీ సైకిల్: ఎక్స్ అక్షరం పక్కన శాతాల్లో ఉంటుంది. పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు వెల్డింగ్ చేయొచ్చో అది చెబుతుంది. 200 ఆంప్స్ దగ్గర 20 శాతం అంటే రెండు నిమిషాలు వెల్డింగ్, ఎనిమిది నిమిషాలు విశ్రాంతి. అదే మిషన్ 60 శాతానికి సుమారు 115 ఆంప్స్, ఆపకుండా అయితే 90 దగ్గర ఇస్తుంది. ఇంటి పనికి చూడాల్సింది 60 శాతం గడిలోని అంకె. అక్కడ 110 నుంచి 120 ఉంటే మీ పని జరిగిపోతుంది.

ఐఈసీ 60974-1 ప్రమాణం ప్రకారం ఈ శాతాలను 40 డిగ్రీల గాలిలో లెక్కగడతారు. తిరుపతి, రేణిగుంట వైపు మే నెలలో నీడలోనే 42 దాటే రోజులుంటాయి, రేకుల షెడ్డు కింద ఇంకా ఎక్కువ. అందుకే 60 శాతం గడిలో 90 మాత్రమే ఉన్న మిషన్ కాగితం మీద సరిపోయినట్టున్నా మన ఎండాకాలంలో మాటిమాటికీ ఆగిపోతుంది. కాస్త ఎక్కువ ఉన్నది తీసుకోవాల్సింది ఈ గడిలోనే, డబ్బా మీద కాదు.

గోడ నుంచి లాగే కరెంటు: ఐ1 మ్యాక్స్, ఐ1 ఈఎఫ్ఎఫ్ అని రెండు ఉంటాయి. మొదటిది గరిష్ఠం. రెండోది విశ్రాంతిని కలుపుకుని వైరు మీద పడే అసలు భారం. ఈ రెండో అంకె 16 లోపు ఉన్న మిషన్ ఎంచుకోండి.

ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ: యూ0 అని ఉంటుంది. 60 ఓల్టుల పైన ఉంటే రాడ్డు తేలిగ్గా వెలుగుతుంది. మరీ తక్కువుంటే కొత్తవాళ్లకు చుక్కలు కనిపిస్తాయి.

ఇన్‌పుట్ వోల్టేజీ హద్దులు: కనీసం 180 ఓల్టుల వరకు నడుస్తుందని రాసి ఉండాలి. పల్లెల్లో అయితే 160 వరకు నడిచేది వెతకండి.

హాట్ స్టార్ట్ (వెలిగించేటప్పుడు కాస్త ఎక్కువ కరెంటు), ఆర్క్ ఫోర్స్ (రాడ్డు మరీ దగ్గరైనప్పుడు కరెంటు పెంచేది), యాంటీ స్టిక్ అనే మూడూ పనికొచ్చేవే. ముఖ్యంగా యాంటీ స్టిక్ ఉంటే రాడ్డు అతుక్కున్నప్పుడు కరెంటు తగ్గిపోతుంది, రాడ్డు ఎర్రగా కాలదు. రంగుల డిస్‌ప్లే కోసం మాత్రం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు.

5. మిషన్‌తో ఇచ్చే సామాను

చౌక మిషన్‌లో ముందు కోత పడేది కేబుల్ మీద. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న పలుచని కేబుల్ మీటరున్నర ఇచ్చి సరిపెడతారు. కొనలో ఒక తీగను గోటితోనో కత్తితోనో గీకితే తెల్లగా బయటపడుతుంది.

- కేబుల్: 16 చ.మి.మీ. రాగి. హోల్డరుకు (రాడ్డు పట్టే పిడికి) 3 మీటర్లు, ఎర్త్ క్లాంపుకు 2 మీటర్లు ఉంటే హాయి.
- సాకెట్: మిషన్ ముందు పిన్ను చిన్న 10–25 రకమా, పెద్ద 35–50 రకమా చూసుకోండి. తర్వాత కేబుల్ మార్చాలంటే అదే కావాలి.
- ఎర్త్ క్లాంపు (అతికించే ఇనుముకు పట్టించేది, ఇంటి ఎర్త్ కాదు): స్ప్రింగు గట్టిగా ఉండాలి, రెండు దవడలనూ కలుపుతూ రాగి పట్టీ ఉండాలి. పలుచని రేకుతో వంచిన క్లాంపును ఇంటికి తెచ్చాక వెంటనే మార్చేయండి.
- ఇన్‌పుట్ వైరు: మూడు తీగలుండాలి. రెండే ఉంటే ఎర్త్ లేనట్టే, వద్దు.

మిషన్‌తో ఉచితంగా వచ్చే చేతి షీల్డ్‌ను నమ్మి పని మొదలుపెట్టొద్దు.

6. దుకాణంలో పరీక్షించే క్రమం

మీ 16 గేజ్ పైపు ముక్కలు రెండు, 5 మి.మీ. పట్టీ ముక్కలు రెండు, కొత్త 2.5, 3.15 రాడ్లు వెంట తీసుకెళ్లండి. డీసీ కొలిచే క్లాంప్ మీటరు ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోండి. మామూలు క్లాంప్ మీటర్లు ఏసీ మాత్రమే చూపిస్తాయి, వాటితో ఈ పని కాదు.

1. ప్లేటు ఫొటో తీసుకోండి.
2. మిషన్ ఆన్ చేసి ఫ్యాను శబ్దం వినండి. గరగర ఉండకూడదు.
3. 65 ఆంప్స్ పెట్టి 2.5 రాడ్డుతో పైపు అతికించండి. ఆర్క్ తెగిపోకుండా నిలవాలి.
4. 110 పెట్టి పట్టీ మీద 3.15 రాడ్లు రెండు వెంటవెంటనే పూర్తిగా కాల్చండి.
5. ఆ రాడ్లు కాలుతుండగానే కేబుల్ చుట్టూ మీటరు పెట్టి చూడండి. 100–115 మధ్య నిలబడాలి. 80 చూపిస్తే డయల్ అంకెలు అబద్ధం.
6. పని ఆపి కేబుల్, పిన్నులు పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చేయి పెట్టలేనంత కాలితే వద్దు.

పరీక్షించనివ్వని దుకాణంలో కొనకపోవడమే మంచిది. చెన్నై పారీస్ కార్నర్ బజారులో వందల రూపాయలు తక్కువకు దొరకొచ్చు, చిత్తూరు వాళ్లకు వేలూరు ఇంకా దగ్గర. కానీ బోర్డు కాలితే మిషన్‌ను మళ్లీ అక్కడికే మోయాలి. సర్వీసు తిరుపతిలోనే ఉందా, బోర్డు మారుస్తారా, మిషనే మారుస్తారా అని ముందే అడగండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

7. డబ్బు ఎలా పంచాలి

ఉన్న మొత్తంలో మూడింట రెండు వంతులు మిషన్‌కు, మిగతాది వైరింగుకు, రక్షణ సామానుకు. మొత్తం మిషన్ మీదే పెట్టేసి, కళ్లద్దాలు తర్వాత చూద్దామనుకోవడం అన్నిటికన్నా ప్రమాదకరమైన పొదుపు. తప్పనిసరి సామాను ఇది:

- 10 లేదా 11 నంబరు అద్దం ఉన్న తల హెల్మెట్. వెలుతురుకు దానంతటదే నల్లబడే రకమైతే ఈఎన్ 379 గుర్తు గానీ, దాని స్థానంలో వచ్చిన ఈఎన్ ఐఎస్ఓ 16321 గుర్తు గానీ ఉండాలి.
- మోచేతి దగ్గరి దాకా వచ్చే తోలు గ్లవ్స్, నూలు బట్టలు, మూసిన బూట్లు. పాలిస్టర్ నిప్పురవ్వకు కరిగి చర్మానికి అంటుకుంటుంది.
- గ్రైండింగుకు తెల్ల కళ్లద్దాలు
- చిప్పింగ్ సుత్తి, వైర్ బ్రష్
- ఒక బకెట్ ఇసుక, ఒక బకెట్ నీళ్లు. మంటున్న చోట కరెంటు ఆపకుండా నీళ్లు పోయొద్దు.

8. ఇంట్లో మొదటిసారి మొదలుపెట్టే క్రమం

1. మిషన్ చుట్టూ అడుగు ఖాళీ వదలండి. గ్రైండరుకు కనీసం రెండు మీటర్ల దూరంలో పెట్టండి, ఇనప పొడిని ఫ్యాను లోపలికి లాగితే బోర్డు షార్టవుతుంది.
2. ఎక్స్‌టెన్షన్ తప్పకపోతే 2.5 చ.మి.మీ. మూడు తీగల రాగి వైరు వాడండి, చుట్ట మొత్తం విప్పేయండి. 25 మీటర్ల 1 చ.మి.మీ. వైరులో 18 ఆంప్స్‌కు 17 ఓల్టులు పోతాయి, 2.5లో ఏడు మాత్రమే.
3. పైపు పలుచనైతే హోల్డరును నెగటివ్‌కు, మందమైతే పాజిటివ్‌కు పెట్టండి. పిన్ను నొక్కి బిగిసేదాకా తిప్పండి.
4. క్లాంపు పెట్టే చోట తుప్పు, రంగు గీకేయండి. వెల్డింగ్‌కు వీలైనంత దగ్గరగా పెట్టండి. బండి మీద చేస్తే ముందు బ్యాటరీ వైరు తీసేయండి.
5. జీఐ పైపైతే అతికించే చోట రెండు వైపులా అంగుళం మేర జింకు పూత గ్రైండ్ చేయండి. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. పెట్రోలు, డీజిలు ఉన్న డబ్బాలు ఖాళీవైనా ముట్టుకోవద్దు.
6. పనికిరాని ముక్క మీద ఆంప్స్ సరిచూసుకుని, ముందు నాలుగు మూలలా టాకాలు (చిన్న చుక్క వెల్డింగులు) వేసి, మూలమట్టంతో చూసి, తర్వాతే పూర్తిగా అతికించండి.

9. తరచూ వచ్చే ఇబ్బందులు, పరిష్కారాలు

రాడ్డు అతుక్కుపోతోంది: ఐదు ఐదుగా ఆంప్స్ పెంచండి. తగ్గకపోతే క్లాంపు కింద తుప్పు, తర్వాత వోల్టేజీ, తర్వాత రాడ్ల తేమ, ఈ వరుసలో చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో విప్పిన ప్యాకెట్టు తేమ పట్టేస్తుంది. 6013 రాడ్లను 100 డిగ్రీల దగ్గర గంట ఆరబెడితే మళ్లీ పనిచేస్తాయి. రెండంగుళాల పీవీసీ పైపు ముక్కకు రెండు పక్కలా మూతలు పెట్టి అందులో దాచుకుంటే ఈ బాధే ఉండదు. పూత రాలుతున్నవి పారేయండి.

పైపుకు చిల్లు పడుతోంది: 2 మి.మీ. రాడ్డు, లేదా 2.5 రాడ్డుతో 55–60 ఆంప్స్. ఒకేసారి గీత లాగకుండా అర అంగుళం అతికించి, ఎరుపు తగ్గాక తర్వాతి అర అంగుళం. ముక్కల మధ్య సందు ఉంటే ఎంత చేయి తిరిగినవాళ్లకైనా చిల్లు పడుతుంది, ముందు కోత సరిచేయండి.

ఎంసీబీ పడిపోతోంది: ఆన్ చేయగానే పడితే అది బీ రకం అయ్యుండొచ్చు, సీ రకం వేయించండి. కాసేపు పని చేశాక పడితే ఆ లైను మీద వేరే లోడ్ ఉంది, లేదా ఆంప్స్ ఎక్కువ పెట్టారు. ఆర్‌సీసీబీ పడితే తడి, చిరిగిన వైరు వెతకండి. దాన్ని తీసి పక్కనపెట్టి పని కానివ్వొద్దు.

పసుపు లైటు వెలిగి మిషన్ ఆగింది: వేడెక్కింది. స్విచ్ ఆపొద్దు, ఫ్యాను తిరగనిస్తే ఐదు పది నిమిషాల్లో చల్లబడుతుంది. ఎండాకాలంలో పొద్దున పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకుంటే ఇది తగ్గుతుంది.

హోల్డరు కాలుతోంది: కేబుల్ కొన లోపల వదులైంది. విప్పి, నల్లబడిన తీగలు కోసి, మళ్లీ బిగించండి.

నెలకోసారి ప్లగ్గు తీసి మిషన్ జాలీల్లోంచి గాలితో దుమ్ము ఊదండి. ఫ్యాను రెక్కలు గాలికి గిర్రున తిరగకుండా పుల్ల అడ్డం పెట్టి పట్టుకోవాలి. పెట్టె మాత్రం తెరవొద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉండొచ్చు. బల్లులు, చీమలు దూరకుండా, గాలి ఆడే నూలు గుడ్డ కప్పి నేలకు అడుగు ఎత్తులో పెట్టండి.